అంగీలో దాచిన చెయ్యి

మార్చి 4, మంగళవారం

ఈ రోజు మ్యూజియంలో పెట్టె విప్పారు. బొమ్మ నేను అనుకున్నదానికంటే చాలా చిన్నది. రెండు అరచేతులు పక్కపక్కన పెడితే కప్పేయొచ్చు. చదువుకునే రోజుల నుంచి ఫొటోల్లో చూస్తున్న మనిషి. నా పరిశోధన అంతా ఇతని మీదే. నా పేరు ముందు డాక్టరు అన్న మాట ఇతని పుణ్యమే. (ఇంట్లో అసలు డాక్టరు మా ఆయన, పళ్ళ డాక్టరు. నన్ను “పళ్ళు పీకని డాక్టరు” అని ఏడిపించేవారు, ఒకప్పుడు.)

పదిహేనో శతాబ్దం, నెదర్లాండ్స్. గీసినవాడి పేరు తెలియదు, గీయించుకున్నవాడి పేరూ తెలియదు. మేం “నల్ల టోపీ మనిషి” అంటాం. ఓక్ చెక్క మీద నూనె రంగులు. గడ్డం గీసుకుని ఒక రోజు దాటినట్టు చిన్న చిన్న మొలకలు, ఒక్కొక్కటీ విడిగా. పెదవి పక్కన పులిపిరి. కంటి నల్లగుడ్డులో వెలుతురు పడే కిటికీ. ముందున్న గట్టు మీద నీళ్ళ గ్లాసు, దాని పక్కన ఒక ఈగ. పెట్టె విప్పిన కుర్రాళ్ళలో ఒకడు ఆ ఈగని తోలబోయాడు. కుడిచేతి వేళ్ళ మధ్య ఉంగరం. ఎడమ చెయ్యి లేదు. నల్ల అంగీ లోపలికి వెళ్ళిపోయింది.

ఆ కాలపు చిత్రకారులు ఉన్నది ఉన్నట్టు గీసేవారు, గీసిన ప్రతి వస్తువులోనూ ఒక మాట దాచేవారు. నీళ్ళ గ్లాసు మచ్చలేని మనసు. ఈగ చావు. ఉంగరం ఇచ్చిన మాట. దాచిన చెయ్యి ఆ మాటని వెనక్కి తీసుకోవడం. ఇదీ నా సిద్ధాంతం. దీన్నే ఇప్పుడు గోడ మీద నాలుగు వాక్యాల్లో రాయాలి, నెలాఖరులో ప్రదర్శన మొదలయ్యే రోజున మాట్లాడాలి.

రాత్రి భోజనాల దగ్గర ఆయనకి చెప్పాను, ఈగ సంగతి కూడా. నవ్వుతారనుకున్నాను. “ఊఁ” అన్నారు. ముఖం కదల్లేదు.

మార్చి 5, బుధవారం

కొత్త చొక్కాలు కొనుక్కొచ్చారు. తల మీదుగా తొడుక్కునేవి, గుండీలు లేనివి, కుర్రాళ్ళు వేసుకునే రకం. ఒకటి కాదు, బీరువా అర నిండా. యాభై దగ్గరపడుతున్న మనిషికి ఇప్పుడు కొత్త చొక్కాలు దేనికి?

మార్చి 7, శుక్రవారం

బొమ్మ ఫొటోని పెద్దది చేయించి నా బల్ల ముందు గోడకి అతికించాను. అత్తయ్య కళ్ళద్దాలు పెట్టుకుని మరీ వచ్చి చూశారు.

“ఎవరే ఈ పెద్దమనిషి? కడుపునొప్పి వచ్చినవాడిలా ఉన్నాడు.”

“అది కడుపు కాదత్తయ్యా, గుండె మీద చెయ్యి.”

“ఎందుకట?”

“ఇచ్చిన మాట వెనక్కి తీసుకుంటున్నాడు. దానికి గుర్తు.”

“చలేమోనే.”

“చలి అయితే రెండు చేతులూ లోపల పెట్టుకుంటాడు కదా?”

“పెట్టుకుంటే ఆ ఉంగరం ఎవడు పట్టుకుంటాడు మరి?” అని గెలిచినట్టు వంటింట్లోకి వెళ్ళిపోయారు. కాసేపు నవ్వుకున్నాను.

తర్వాత నవ్వు పోయింది. ఆయన ఫోన్లో మాట్లాడుతూ వరండాలోంచి వచ్చారు. ఈ మధ్య ఫోన్లో గొంతు మరీ చిన్నది చేస్తున్నారు. వీధి చివరికి వినబడేలా మాట్లాడే మనిషి. పక్కనే ఉన్నా నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. “ఎవరండీ?” అంటే “క్లినిక్” అన్నారు.

ఇక్కడ రాస్తే పోతుందని రాస్తున్నాను. ఆయనకి ఇంకెవరో ఉన్నారని నా భయం. ఉన్నారో లేరో తెలియదు. ఏ ఆధారమూ లేదు. కానీ ఉన్నట్టే నడుచుకుంటున్నారు. ముఖంలో నాకోసం ఏమీ మిగల్లేదు. నేను ఏం చెప్పినా ఒకే ముఖం.

పోలేదు. రాస్తే ఇంకా పెద్దదైంది.

మార్చి 8, శనివారం

పెళ్ళయిన కొత్తలో ఆయన కొనిచ్చిన అత్తరు సీసా అడుగున కొంచెం మిగిలి ఉంది. ఇవాళ రాసుకున్నాను. అత్తయ్య “ఏంటమ్మాయ్, పెళ్ళికా?” అన్నారు. ఆయన పక్కనే కూర్చుని టీ తాగారు. ఏమీ అనలేదు. నావైపు తిరిగి కూడా చూడలేదు. సాయంత్రం పాలు పొంగి మాడిపోయి ఇల్లంతా వాసన కొడుతుంటే, పొయ్యి పక్కనే నిలబడి పేపరు చదువుతున్నారు.

మనసు ఇక్కడ లేదు అనడానికి ఇంతకంటే ఏం కావాలి?

మార్చి 11, మంగళవారం

చెయ్యకూడని పని చేశాను. మధ్యాహ్నం మ్యూజియం నుంచి బయటికొచ్చి క్లినిక్‌కి వెళ్ళాను. ఇంటి తాళంచెవి మర్చిపోయానని అబద్ధం సిద్ధం చేసుకున్నాను. తాళంచెవి సంచిలోనే ఉంది.

రిసెప్షన్ అమ్మాయి లేచి నిలబడింది. “సార్ లోపల ఉన్నారమ్మా, పిలవనా?” వద్దన్నాను. కుర్చీ ఉన్న గదిలో ఎవరూ లేరు. దీపం ఆర్పేసి ఉంది, పైకి మడిచి. వెనక చిన్న గది తలుపు ఓరగా తెరిచి ఉంది. పేషెంట్ల పళ్ళ అచ్చులు పోసే గది అది. అరల నిండా తెల్లటి ప్లాస్టర్ దవడలు. వాటి మధ్య ఎత్తు స్టూలు మీద ఆయన, ఎదురుగా చిన్న డాక్టరమ్మ.

ఆమె పోయినేడాది చేరింది. అందరూ చిన్న డాక్టరమ్మ అంటారు. ముప్పై ఉంటాయేమో. నవ్వితే బాగుంటుంది. ఆయన ఎడమచేతి చొక్కా పైకి లాగి ఉంది. ఆమె ఒక చెయ్యి ఆయన మోచేతి కింద, ఇంకో చెయ్యి మణికట్టు మీద. ఇద్దరూ మాట్లాడటం లేదు. ఆయన తల వంచుకుని ఉన్నారు. ఆమె ఆ చేతిని మెల్లగా తనవైపు తీసుకుంటోంది, వదులుతోంది, మళ్ళీ తీసుకుంటోంది.

అలా ఎవరి చేతినైనా పట్టుకుని ఎన్నాళ్ళయిందో నాకు.

వెనక్కి వచ్చేశాను. రిసెప్షన్ అమ్మాయి ఏదో అడిగింది. ఏం చెప్పానో గుర్తు లేదు.

మార్చి 12, బుధవారం

ఏమీ రాయను.

మార్చి 14, శుక్రవారం

ఇన్‌ఫ్రారెడ్ ఫొటోలు వచ్చాయి. రంగుల కింద సుద్ద పూత మీద చిత్రకారుడు ముందుగా గీసుకున్న గీతలు వాటిలో కనబడతాయి. పాత బొమ్మలు బాగుచేసే నా స్నేహితురాలు పైకి పిలిచింది. కాలేజీ నుంచీ దాన్ని అందరం భూతద్దం అంటాం. దాని కళ్ళకి నిజంగానే భూతద్దాలు అతికించి ఉంటాయి, పని లేనప్పుడు కూడా తియ్యదు.

“రావే పండితురాలా, నీ మొగుడు ఏం దాచాడో చూద్దువుగాని.”

గుమ్మంలోనే ఆగిపోయాను. అది అన్నది నల్ల టోపీ మనిషి గురించి. కాలేజీ రోజుల నుంచీ అలాగే అంటుంది.

తెర మీద బూడిద రంగులో ముఖం. ముక్కు, దవడ, టోపీ, కాలరు, అన్నీ ఒక్కొక్క గీతతో తేల్చేశాడు. తడబాటు లేదు. కింద అంగీ ఉన్నచోట, నలుపు వెనక, గట్టు మీద ఆనించి ఉంది ఎడమ చెయ్యి.

ముందు గీశాడన్నమాట. తర్వాత దాని మీద అంగీ వేసి కప్పేశాడు.

“ఇటు చూడు,” అంది భూతద్దం పెన్సిలు వెనకవైపుతో చూపిస్తూ. “అంత పనివాడు ఈ వేళ్ళ దగ్గరికొచ్చేసరికి పలక పట్టిన పిల్లాడైపోయాడు. గీత పక్కన గీత, దాని పక్కన ఇంకో గీత. ఎందుకంత తంటాలు పడ్డాడంటావ్?”

“తేల్చుకోలేకపోయాడు. చెయ్యి చూపించాలా, దాచాలా అని.”

“గీసినవాడు తేల్చుకోలేకపోయాడా, గీయించుకున్నవాడా?”

“గీయించుకున్నవాడే. చెయ్యి గట్టు మీద పెట్టి కూర్చున్నాడు, అంటే ఒప్పుకున్నాడు. తర్వాత వెనక్కి తీసుకున్నాడు. ఇన్నాళ్ళూ నేను అంటున్నది అదేగా?”

భూతద్దం నావైపు చూసింది. “గెలిచినదానివి అలా ఉన్నావేంటే? ఒంట్లో బాగాలేదా?”

బాగానే ఉందన్నాను. వ్యాసం పూర్తి చెయ్యాలన్నాను.

మార్చి 15, శనివారం

వ్యాసం పరుగెడుతోంది. ఇంత సులువుగా ఎప్పుడూ రాయలేదు. “చెయ్యి మొదట ఉంది, తర్వాత లేదు. ఉన్నదాన్ని దాచడమే ఇక్కడ కథ. ముఖం ఏ రహస్యమూ చెప్పదు, ముఖాన్ని అదుపులో పెట్టుకోవచ్చు. చెయ్యి మాత్రం అబద్ధమాడలేదు, అందుకే దాన్ని లోపలికి తోసేశాడు.” చదువుకుంటే బాగుంది. ఎవరి గురించి రాశానో నాకు తెలుసు.

ఆయన కూడా ఎడమ చెయ్యి జేబులోంచి తియ్యడం లేదు. నడిచేటప్పుడు, నిలబడేటప్పుడు, టీవీ చూసేటప్పుడు. మూడు నెలలుగా. చూస్తూనే ఉన్నాను. ఇప్పుడు అర్థం తెలిసింది.

రేపు ఆదివారం. అత్తయ్య గుడ్డలు ఆరేయడానికి మేడ మీదికి వెళ్ళినప్పుడు అడుగుతాను. “మీకు నాతో ఉండాలని ఉందా, లేదా?” ఇంతే. ఏడవకూడదు. అద్దం ముందు రెండుసార్లు అని చూసుకున్నాను. రెండోసారి గొంతు బాగానే ఉంది.

మార్చి 16, ఆదివారం

అడగలేదు.

పొద్దున టిఫిను. రొట్టె ముక్కలు, టీ. ఆయన పేపరు చదువుతున్నారు, కుడిచేత్తో పేజీ పట్టుకుని. ఎడమ చెయ్యి బల్ల మీద ఉంది. దాన్ని మర్చిపోయినట్టున్నారు. బొటనవేలు చూపుడువేలిని రాస్తోంది. మధ్యలో ఏదో చిన్న గోళీ ఉన్నట్టు, దాన్ని దొర్లిస్తున్నట్టు. ఆగదు. ఆయన చదువుతున్నారు, అది మాత్రం తన పని తాను చేసుకుపోతోంది. బల్ల సన్నగా కదులుతోంది. నా టీలో చిన్న చిన్న వలయాలు.

నేను “మీకు” అన్నాను.

తలెత్తారు. నేను ఎటు చూస్తున్నానో చూశారు. చెయ్యి బల్ల కిందికి, జేబులోకి వెళ్ళిపోయింది.

“నాకేంటి?” అన్నారు.

“ఇంకో ముక్క?”

“చాలు.”

అదే రోజు, మధ్యాహ్నం

గుండీలు లేని చొక్కాలు. గుండీలు పెట్టుకోలేక.

అత్తరు. మాడిన పాలు. ఆయనకి వాసన తెలియడం లేదు.

ఫోన్లో గొంతు. ముఖం. నా కబుర్లకి కదలని ముఖం.

ప్లాస్టర్ గది. ఆమె చెయ్యి పట్టుకోలేదు, పరీక్ష చేసింది. మోచెయ్యి ఒకచోట, మణికట్టు ఒకచోట. ప్రేమగా చెయ్యి పట్టుకునేవాళ్ళు అలా పట్టుకోరని కళ్ళున్న ఎవరికైనా తెలుస్తుంది. నేను ఆ వేళ్ళు ఎక్కడున్నాయో కూడా రాశాను. పైన ఉంది, మళ్ళీ చదివాను.

ఒక్కటీ వదలకుండా చూశాను. కట్టుకున్న మనిషి ఒళ్ళు ఎదురుగా ఉంటే దానికి ఫుట్‌నోట్లు రాసుకుంటూ కూర్చున్నాను.

ఇంకొక సంగతి. ఇది ఎవరికీ చెప్పను. అర్థమైన మొదటి క్షణంలో నాకు ఊరట కలిగింది. హమ్మయ్య, ఎవరూ లేరు అని. చాలా చిన్న క్షణం. కానీ కలిగింది. మిగతాదంతా దాని తర్వాతే వచ్చింది.

మార్చి 17, సోమవారం

ఆ జబ్బు పేరు నాకు తెలుసు. ఇక్కడ రాయను. నేను మళ్ళీ పొరబడుతున్నానేమో. మొన్నటిదాకా ఇంకో దాని గురించి ఇంతే నమ్మకంగా ఉన్నాను కదా.

మార్చి 18, మంగళవారం

చిన్న డాక్టరమ్మని కలిశాను. ఆయన బ్యాంకు పని మీద వెళ్ళారని తెలుసుకుని. క్లినిక్ వెనక మెట్ల మీద డబ్బా విప్పుకుని అన్నం తింటోంది. నన్ను చూసి చెయ్యి కడుక్కుని వచ్చింది.

“మొన్న మీరొచ్చి వెళ్ళిపోయారట కదా మేడమ్. రిసెప్షన్ అమ్మాయి చెప్పింది.”

“ప్లాస్టర్ గదిలో మిమ్మల్ని చూశాను.”

ఒక్క క్షణం అర్థం కాలేదు ఆమెకి. తర్వాత రెండు చేతులూ చెంపలకి ఆనించుకుంది. “అయ్యయ్యో! మేడమ్! మీరేమనుకున్నారు? సార్‌తోనా? సార్ నాకు రోజూ క్లాసు పీకుతారు మేడమ్, సరిగ్గా నిలబడటం కూడా రాదని.” నవ్వు వచ్చింది ఆమెకి. నా ముఖం చూసి ఆపుకుంది.

“చెయ్యి వంచి చూశాను. నున్నగా వంగాలి కదా? గేరు చక్రంలా పట్టి పట్టి వంగుతోంది. నేను పళ్ళ డాక్టర్నే మేడమ్, నరాల డాక్టర్ని కాదు. చూపించుకోమని కొత్త సంవత్సరం అప్పటి నుంచీ మొత్తుకుంటున్నాను.”

“ఏమంటారు?”

“‘మా ఆవిడ ప్రదర్శన అయిపోనీ’ అంటారు. అది అయ్యాక ఇంకోటి అంటారు, నాకు తెలుసు. పేషెంట్ల దగ్గర మాత్రం చాలా జాగ్రత్త మేడమ్. ఆ చెయ్యి నోటి దగ్గరికి తీసుకెళ్ళడం మానేశారు. పీకేవి, కోసేవి అన్నీ నేనే. ఆయన పక్కన నిలబడి పేషెంట్లకి జోకులు చెబుతారు. వాళ్ళు అందుకే వస్తున్నారు కూడా.” గొంతు తగ్గించింది. “మీరు అడగండి.”

“అడిగితే?”

“ముందు దబాయిస్తారు.”

“తర్వాత?”

“తర్వాత ఏమో నాకు తెలీదు. మీ ఆయన మేడమ్, మీకే తెలియాలి.” మెట్లు దిగుతుంటే వెనక నుంచి, “నేను చెప్పానని మాత్రం అనకండి. నాకు ఇలాంటి సార్ మళ్ళీ దొరకరు” అంది.

మీకే తెలియాలట.

మార్చి 19, బుధవారం

అడగలేదు.

మార్చి 20, గురువారం

పొద్దున అడగబోయాను. “వాన పడుతుందేమో” అన్నాను.

దేనికి భయం? అడిగితే జేబు ఇంకా లోతు చేసుకుంటారని. “నాకేం లేదు” అంటారు, ఆ మాట ఒకసారి అన్నాక దాని మీదే నిలబడతారు, డాక్టరు దగ్గరికి అసలు వెళ్ళరు. ఆయన సంగతి నాకు తెలుసు. తెలుసా? మూడు నెలలుగా జేబులో ఉన్న చెయ్యి ఎందుకుందో తెలుసుకోలేనిదాన్ని, నాకు ఏం తెలుసు?

అత్తయ్య పొద్దున టీ ఆయనకి సగం గ్లాసే పోసి ఇస్తున్నారు. అడిగితే “వాడికి వేడి ఎక్కువైతే పడదు” అన్నారు. నా కళ్ళలోకి చూడలేదు. ఇంట్లో ముగ్గురం ఉన్నాం. ముగ్గురం ఒకే దాని చుట్టూ నడుస్తున్నాం, నిద్రపోతున్న పసిపిల్ల చుట్టూ నడిచినట్టు.

మార్చి 21, శుక్రవారం

వ్యాసం మళ్ళీ మొదటి నుంచి రాశాను. నల్ల టోపీ మనిషికి చెయ్యి వణికేది. అందుకే చిత్రకారుడికి అన్ని గీతలు పడ్డాయి. ఎదురుగా చెయ్యి కదులుతుంటే, ఉన్నది ఉన్నట్టు గీసేవాడు ఎన్ని గీతలు గీస్తాడు మరి? ముఖం చూడండి, ఏ భావమూ లేదు. అదీ జబ్బే. అన్నీ కుదిరాయి. భూతద్దానికి చదివి వినిపించాను.

అది కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుంది. అలా చేస్తే సీరియస్ అని అర్థం.

“మొన్నటిదాకా మాట తప్పినవాడన్నావు. ఇవాళ రోగిష్టివాడంటున్నావు. పాపం, వాణ్ణి కాస్త ఊపిరి పీల్చుకోనివ్వవే.”

“మరి ఆ గీతలు?”

“గీతలున్నాయి. నిజమే. చెయ్యి కప్పేశాడు, అదీ నిజమే. ఆ ముఖం అంటావా, ఆ కాలంలో ఎవడు పళ్ళు బయటపెట్టి బొమ్మ గీయించుకున్నాడు?” నావైపు తిరిగింది. “ఇంట్లో ఏమైంది?”

చెప్పాను. ఆ గదిలో కిటికీ తెరవకూడదు, రంగులు పాడవుతాయి. లోపలంతా వార్నిషు వాసన. దూది చుట్టిన పుల్లలు పెట్టుకునే డబ్బా పక్కకి జరిపి నాకు కూర్చోవడానికి చోటు చేసింది. చాలాసేపటికి, “అయితే గోడ మీద ఏం రాస్తావ్?” అంది.

మార్చి 24, సోమవారం

గోడ మీది రాత డైరెక్టరుగారికి ఇచ్చాను. ఆయన చదివి, చివరి వాక్యం మీద వేలు పెట్టి, “ఇలా రాస్తే చూడ్డానికి వచ్చినవాళ్ళు ఏమనుకుంటారమ్మా? మనకే తెలియదంటే!” అన్నారు.

“తెలియదండీ” అన్నాను.

మూలిగారు. సంతకం పెట్టారు.

మార్చి 27, గురువారం

మొత్తం రాయాలి. మర్చిపోతానని కాదు, నేను తర్వాత దీన్ని ఇంకోలా మార్చేసుకుంటానని.

ప్రదర్శన రేపు. ఇవాళ మధ్యాహ్నం మ్యూజియంలో పనిచేసేవాళ్ళ ఇంటివాళ్ళు వచ్చి చూడొచ్చు. ఆయన రారనుకున్నాను. వచ్చారు, క్లినిక్ నుంచి సరాసరి, డెట్టాల్ వాసనతో. హాల్లో మేమిద్దరం, మూల స్టూలు మీద కాపలాదారు. అంతే.

ఆయన బొమ్మ ముందు నిలబడ్డారు. ఎడమ చెయ్యి జేబులో. ముందు ఈగని చూశారు. “ఇదేనా నువ్వు చెప్పింది?” అన్నారు. మూడు వారాల కింద చెప్పాను. గుర్తుందన్నమాట.

తర్వాత పక్కనున్న రాత చదివారు. మెల్లగా, పైకి: “ఎడమ చెయ్యిని చిత్రకారుడు మొదట గట్టు మీద గీశాడు. చాలాసార్లు దిద్దాడు. తర్వాత అంగీతో కప్పేశాడు. ఎందుకో మనకు తెలియదు.”

“ఇన్నేళ్ళు చదివి, తెలియదు అని రాశావా?”

“తెలియదు కాబట్టి.”

“నువ్వేదో చెప్పేదానివే. మాట ఇవ్వడం, తీసుకోవడం...”

“అప్పుడు తెలుసనుకున్నాను.”

ఇప్పుడు అడుగు, ఇప్పుడు అడుగు అని లోపల ఎవరో తోస్తున్నారు. నేను నోరు తెరవలేదు. ధైర్యం లేకనో, ఇంకెందుకో.

“నాకు తెలుసు” అన్నారు.

“ఏంటి?”

“ఎందుకు దాచుకున్నాడో. ఇంటికెళ్ళాక వాళ్ళావిడ ఈ బొమ్మ చూస్తుంది కదా. అందుకు.”

అని జేబులోంచి చెయ్యి తీసి బొమ్మ ముందున్న ఇనప కమ్మీ మీద పెట్టారు. కమ్మీ సన్నగా టకటకమంది. ఖాళీ హాలు కదా, బాగా వినబడింది.

కాపలాదారు స్టూలు మీంచి లేచాడు. “సార్, కమ్మీ మీద చేతులు వెయ్యకండి.”

“నేను వెయ్యలేదయ్యా, అదే వెళ్ళింది” అన్నారు ఆయన.

నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేనంత. ఆయనకీ వచ్చింది. నోటికి ఒక పక్కే కదిలింది, కానీ నవ్వే. నెలల తర్వాత చూశాను. కాపలాదారు మా ఇద్దరినీ చూసి, పెద్ద చదువుల వాళ్ళు ఇంతే అన్నట్టు మళ్ళీ కూర్చున్నాడు.

“నేను చూశాను” అన్నాను. “ఆదివారం. టిఫిను తింటుంటే.”

“తెలుసు.”

“మరి చెప్పలేదేం?”

“నువ్వు అడగలేదేం?”

కమ్మీ టకటకమంటోంది. ఆయన దాన్నే చూస్తూ మాట్లాడారు, గొంతు అదే, చిన్నది, వంగి వినాల్సి వచ్చింది. “పేషెంటు నోట్లో అద్దం పట్టే చెయ్యి ఇది. ఇది అద్దం పట్టి చూపిస్తేనే కుడిచేతికి పని. ఇది పోతే క్లినిక్‌లో నేను ఎవర్ని? కుర్చీ పక్కన నిలబడి జోకులు చెప్పేవాణ్ణి. ఇంట్లో అయినా డాక్టరుగా ఉందామని...”

“ఇంట్లో మీరు డాక్టరుగా ఎప్పుడున్నారు? నా పన్ను నొప్పెడితే వారం తిప్పించారు.”

“నీది జ్ఞానదంతం. దానికి జ్ఞానం వచ్చేదాకా ఆగాను.”

పాత మనిషి. అక్కడే ఉన్నారు, ఆ కదలని ముఖం వెనకే. జోకు వస్తుంది, ముఖం దాన్ని మోసుకురాలేకపోతుంది, అంతే.

నేను ఆయన చేతి మీద చెయ్యి వెయ్యబోయి ఆగాను. వేస్తే ఆపడానికి వేసినట్టు ఉంటుందేమో అని. పక్కన కమ్మీ మీద పెట్టాను. రెండు చేతులు. కాపలాదారు దగ్గాడు. పట్టించుకోలేదు.

“డాక్టరు దగ్గరికి వెళ్దామా?” అన్నాను.

“వద్దంటే?”

“మళ్ళీ అడుగుతాను.”

“రేపు అడుగుతావా?”

“రేపు ప్రసంగం ఉంది. ఎల్లుండి.”

“అంత తిప్పలెందుకు,” అన్నారు, “వెళ్దాంలే.”

మార్చి 28, శుక్రవారం

ప్రసంగం అయింది. ఒకాయన లేచి, “చెయ్యి ఎందుకు దాచాడో మీ ఊహ అయినా చెప్పండి మేడమ్” అన్నాడు. చెప్పలేదు. చప్పట్లు తక్కువే పడ్డాయి. వెనక వరసలో భూతద్దం ఒక్కతే గట్టిగా కొట్టింది.

ఏప్రిల్ 1, మంగళవారం

రేపు నరాల డాక్టరు. ఆయన నిద్రపోతున్నారు, మధ్యాహ్నమే. నాకు కూర్చోబుద్ధి కావడం లేదు, నిలబడబుద్ధీ కావడం లేదు. ఏమీ కాకపోవచ్చు కదా? అలసట అంటారేమో. చిన్న డాక్టరమ్మ పళ్ళ డాక్టరే కదా. నేను అదీ కాదు. తప్పై ఉండొచ్చు. తప్పైతే బాగుండు.

ఏప్రిల్ 2, బుధవారం

తప్పు కాదు. పార్కిన్సన్స్. రాశాను.

డాక్టరు నడివయసు మనిషి, తొందర లేని మాట. కాగితం ఇచ్చి సుడి గీయమన్నారు. గీశారు, ఒక్కో చుట్టూ పళ్ళ రంపంలా వచ్చింది. వేళ్ళు తెరిచి మూయమన్నారు. లేచి వరండాలో ఆ చివరి దాకా నడిచి రమ్మన్నారు. ఆయన నడిచి వెళ్తుంటే వెనక నుంచి చూశాను. కుడిచెయ్యి ఊగుతోంది. ఎడమది ఒంటికి అతుక్కుని ఉంది, ఎవరిదో సామాను మోస్తున్నట్టు. పక్కపక్కన ఎన్నిసార్లు నడిచాం. వెనక నుంచి ఎప్పుడూ చూడలేదు.

మందులున్నాయట. చాలా ఏళ్ళు బాగానే గడవొచ్చట. అందరికీ ఒకేలా ఉండదట. ఎలా ఉంటుందో ముందే చెప్పలేమట. “పళ్ళ పని మాత్రం” అని డాక్టరు ఆగారు. “ఆ సంగతి నాకు తెలుసు డాక్టర్” అన్నారు ఈయన. “క్లినిక్ చిన్నమ్మాయికి అప్పచెప్పేస్తాను. నేను జోకుల విభాగం చూసుకుంటాను.” డాక్టరు నవ్వారు. జోకని ఆయనకి ఎలా తెలిసిందో. ముఖం చూసి కాదు. మాట విన్నారు, అంతే.

బయట ఎండ. బస్టాపు దాకా నడుద్దామన్నారు. నేనెప్పుడూ ఆయన కుడివైపు నడుస్తాను, పెళ్ళయిన దగ్గర్నుంచీ అంతే. నాలుగడుగులు వేశాక వెనక నుంచి చుట్టూ తిరిగి ఎడమవైపుకి వచ్చాను.

“అటెందుకు వెళ్ళావు?”

“ఊరికే.”

“నువ్వు జన్మలో ఏదీ ఊరికే చెయ్యలేదు” అన్నారు.

నడిచాం. ఆ చెయ్యి నా చేతికి తగులుతోంది, పోతోంది, మళ్ళీ తగులుతోంది. ఆయన జేబులో పెట్టుకోలేదు.